హే ఫీవర్‌ని "గడ్డి జ్వరం" అనవచ్చా?

సందేహం: ఇంగ్లండులో పిల్లల దగ్గరికి వచ్చే తెలుగు తల్లిదండ్రుల కోసం, డాక్టరు చీటీ లేకుండా దొరికే హే ఫీవర్ మందుల వాడకాన్ని తెలుగులో రాస్తున్నాం. "గడ్డి జ్వరం", "ముక్కులో రెండు స్ప్రేలు", "మత్తు రాని మాత్ర" అని రాశాం. సరిగ్గా ఉన్నాయా?

సమాధానం: "గడ్డి జ్వరం" వద్దు. మనకు జ్వరమంటే ఒళ్ళు కాలడం. ఇందులో ఉండేవి తుమ్ములు, నీళ్ళలా కారే ముక్కు, కళ్ళ దురద. జ్వరం అని చదివిన పెద్దావిడ పారాసెటమాల్ వేసుకుంటుంది. దానితో తుమ్ములు ఆగవు. గడ్డి అనగానే వరిగడ్డి వామి కళ్ళముందు మెదులుతుంది. కొత్త ఎండుగడ్డి వాసనే కారణమని అక్కడివాళ్ళు ఒకప్పుడు నమ్మడం వల్ల వచ్చిన పేరది. పూతకొచ్చిన గడ్డి పుప్పొడి వల్ల వస్తుందని ఇంగ్లండు వైద్యుడు చార్ల్స్ బ్లాక్‌లీ 1873లో ప్రకటించిన ప్రయోగాల్లో చూపించాడు. (మన వయ్యారిభామ పుప్పొడికీ కొందరికి ఇలాగే తుమ్ములొస్తాయి. దాన్ని కాంగ్రెస్ గడ్డి అంటారు గానీ అది గడ్డిజాతి కాదు, పొద్దుతిరుగుడు కుటుంబం.)

"పుప్పొడి పడిశం" అనండి. సంస్కృతంలోని ప్రతిశ్యాయానికి వికృతి పడిశం. "పడిశం పది రోగాల పెట్టు" అన్న సామెతలో ఇంకా బతికే ఉంది. పెట్టు అంటే సమానం. జలుబు, సర్ది, రొంప అంటే చలవ చేసిందనుకుని ఆవిరి పట్టి ఊరుకుంటారు. పక్కనే "హే ఫీవర్" అనీ రాయండి, షాపులో అడగాల్సింది ఆ పేరే.

"ముక్కులో రెండు స్ప్రేలు" అంటే మొత్తం రెండా, అటు రెండు ఇటు రెండా? ఈ చిక్కు తీర్చడానికే తెలుగులో "ఏసి" ఉంది. పెద్దల ఫ్లూటికసోన్ (ముక్కులో వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు) స్ప్రేకి "రోజుకు ఒకసారి, ఒక్కొక్క ముక్కురంధ్రంలో రెండేసి" అంటే చాలు. ఒకటికి మాత్రం "ఏసి" చేరదు, "ఒక్కొక్కటి" అవుతుంది. తుమ్ములు అదుపులోకొచ్చాక తగ్గించే మోతాదు అదే. "మెల్లగా గాలి పీల్చండి" అని రాయండి, "ఎగపీల్చండి" అనకండి. ఎగపీలిస్తే మందు గొంతులోకి జారిపోతుంది. తల కాస్త ముందుకు వంచి, కుడి చేత్తో ఎడమ రంధ్రంలో, ఎడమ చేత్తో కుడి రంధ్రంలో కొట్టుకోవాలి. అప్పుడు నాజిల్ నడిమి గోడ వైపు కాక బయటి వైపు తిరుగుతుంది. నడిమి గోడకు తగిలితే ఒరిసి రక్తం రావచ్చు.

"మత్తు రాని మాత్ర" కూడా మార్చండి. సెటిరిజిన్ 10 మిల్లీగ్రాములు రోజుకొకటి వేసుకున్నా కొందరికి కళ్ళు మూతలు పడతాయి. "మత్తు తక్కువ" అన్నదే నిజం. పాతకాలపు అలర్జీ మాత్ర క్లోర్‌ఫెనమిన్‌కి "నిద్ర ముంచుకొస్తుంది, బండి నడపవద్దు" అని విడిగా రాయాలి.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది "ముక్కు మందు" అన్న మాట. ఆ పేరుతో రెండు సీసాలున్నాయి, వాటి పద్ధతులు ఒకదానికొకటి ఎదురు. ఫ్లూటికసోన్ పూర్తిగా పట్టడానికి కొన్ని రోజులు పడుతుంది, కాబట్టి పుప్పొడి కాలమంతా రోజూ వాడాలి. జైలోమెటజోలిన్ నిమిషాల్లో ముక్కు తెరుస్తుంది, కానీ ఎక్కువ రోజులు వాడితే మందు ప్రభావం తగ్గగానే ముక్కు మళ్ళీ బిగుసుకుంటుంది, ఇంకా ఇంకా వేసుకోవాలనిపిస్తుంది. మొదటిదాన్ని "రోజూ వాడే స్ప్రే" అనీ, రెండోదాన్ని "ముక్కుదిబ్బడ మందు, డబ్బా మీద చెప్పిన రోజులు దాటవద్దు" అనీ సీసా మీదే తెలుగులో అంటించండి.