గవర్నమెంట్ ప్రాజెక్టులో చేరితే మావాడు వెనకబడిపోతాడా?

ప్రశ్న: నేను ఒంగోలులో రిటైరైన టీచర్ని. మా అబ్బాయి అమెరికాలో ఎమ్మెస్ చేసి, నాలుగేళ్లుగా ఒక బ్యాంకు ప్రాజెక్టులో డెవలపర్‌గా పనిచేస్తున్నాడు. హెచ్-1బీ వీసా మీద ఉన్నాడు. ఇప్పుడు ఒక కాంట్రాక్టు కంపెనీ అక్కడి రాష్ట్ర ప్రభుత్వ ప్రాజెక్టులో ఆఫర్ ఇచ్చింది. పేదవాళ్లకు మెడికెయిడ్ అనే ప్రభుత్వ వైద్య బీమా, ఆహార సాయం అర్హత చూసే సాఫ్ట్‌వేర్ అట, అజైల్ పద్ధతిలో, అంటే అంతా ఒకేసారి కాకుండా కొన్ని వారాలకో ముక్క చొప్పున చేస్తారట. స్నేహితులేమో కోడింగ్ వదిలేసి స్క్రమ్ మాస్టర్ (అజైల్ జట్టు మీటింగులు నడిపి, అడ్డంకులు తీసే మనిషి) సర్టిఫికెట్ చేయమంటున్నారు. మా తోడల్లుడి కొడుకు పెద్ద ప్రొడక్ట్ కంపెనీలో ఉన్నాడు. గవర్నమెంట్ పని అంటే నత్తనడక కదా, మావాడి కెరీర్ అక్కడితో ఆగిపోతుందా? రెండింటిలో ఏది మంచిదో పోల్చి చెప్పండి.

జవాబు: మాస్టారూ, మీరు అడిగింది అజైల్ గురించి, సర్టిఫికెట్ గురించి. మీకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం వేరే. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, దొరక్కపోతే పిల్లాడు పెట్టే సర్దుకుని వచ్చేయాలి, అప్పుడు చదువు అప్పు ఎలా తీరుతుందనే భయం. అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు నాకు రాసే ఉత్తరాలన్నిటి కిందా ఇదే ఉంటుంది. కాబట్టి ముందు దానికే జవాబు చెబుతాను. నాలుగేళ్లు కోడ్ రాసి, పని నేర్చుకున్న కుర్రాడు ప్రభుత్వ ప్రాజెక్టులో చేరినంత మాత్రాన ఎక్కడా ఇరుక్కుపోడు. ఆ పని ఎలాంటిదో చూసుకుని చేరాలి, అంతే.

నత్తనడక అన్న మాటలో నిజం లేకపోలేదు. అమెరికా ఎఫ్‌బీఐ కేసు ఫైళ్లను కంప్యూటర్లోకి మార్చాలని మొదలుపెట్టిన ఒక ప్రాజెక్టును 17 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక 2005లో మూసేశారు. మరుసటి ఏడాది సెంటినెల్ పేరుతో మళ్లీ మొదలుపెట్టారు. నాలుగేళ్లు గడిచినా, బడ్జెట్‌లో చాలా భాగం అయిపోయినా, అనుకున్న నాలుగు దశల్లో రెండే చేతికొచ్చాయి. 2010లో ఎఫ్‌బీఐ ఆ పనిని తన చేతుల్లోకి తీసుకుని, జట్టును చిన్నది చేసి, రెండు వారాలకో ముక్క చొప్పున కట్టడం మొదలుపెట్టింది. 2012 జూలైలో ఏజెంట్లు దాన్ని వాడటం మొదలుపెట్టారు. ప్రభుత్వ పనికి అజైల్ పనికిరాదనే వాళ్లందరికీ నేను చెప్పే మొదటి ఉదాహరణ ఇదే.

దానికి సరిగ్గా వ్యతిరేకమైనది హెల్త్‌కేర్.గవ్, అంటే అక్కడి జనం ఆరోగ్య బీమా తీసుకునే ప్రభుత్వ వెబ్‌సైట్. 2013 అక్టోబర్ 1న 36 రాష్ట్రాల జనానికి ఒకేసారి తెరిచారు. మొదటి రోజు బీమాలో చేరగలిగింది ఆరుగురు. అన్ని ముక్కలూ కలిపి పూర్తిగా పరీక్షించడానికి చివరి రెండు వారాలే మిగిలాయి. మీరు టీచరు కదా, ఏడాదంతా ఒక్క యూనిట్ టెస్టూ పెట్టకుండా పిల్లల్ని నేరుగా పబ్లిక్ పరీక్షకు పంపితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఆ దెబ్బ తర్వాతే 2014 చివర్లో ఒక చట్టం వచ్చింది. ఐటీ ప్రాజెక్టులు కనీసం ఆరు నెలలకోసారైనా వాడకానికి పనికొచ్చేది ఏదో ఒకటి ఇవ్వాలని ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ శాఖలకు ఆదేశాలు వెళ్లాయి.

ఇక అసలు సంగతి. అజైల్ అని బోర్డు పెట్టుకున్న ప్రతి ప్రభుత్వ ప్రాజెక్టూ అజైల్ కాదు. అమెరికా ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే గావో సంస్థ 2012లోనే దీని మీద ఒక నివేదిక ఇచ్చింది. 2020లో పెద్ద గైడే వేసింది, 2023లో దాన్ని సవరించింది. ఆ 2012 నివేదికలో అజైల్‌కు అడ్డుపడేవి 14 కష్టాలు రాశారు. చదివితే మన సెక్రటేరియట్ గురించి రాసినట్టే ఉంటుంది. శాఖలో మనుషుల్ని ఈ పనికి పూర్తిగా కేటాయించరు. కాంట్రాక్టు రూల్సు రెండు వారాల పద్ధతికి సరిపడవు. సెక్యూరిటీ, నిబంధనల తనిఖీలు స్ప్రింట్, అంటే ఒక్కో విడత గడువులోపల పూర్తి కావు. కోడ్ రెండు వారాల్లో తయారైపోతుంది, సంతకం మూడు నెలలకు వస్తుంది.

దీనికి మందు కూడా వాళ్లే రాశారు. సెక్యూరిటీ పనిని చివర్లో చేద్దామని వదిలేయకుండా, మొదటి రోజు నుంచే చేయాల్సిన పనుల జాబితాలో పెట్టుకోవాలి. ప్రతి విడత చివరా పనిచేసే సాఫ్ట్‌వేర్ చూపించి నమ్మకం సంపాదించుకోవాలి. జట్లు చిన్నవిగా ఉండాలి, నిర్ణయాలు వాళ్ల చేతుల్లో ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం ప్రొడక్ట్ ఓనర్. అంటే ఏది ముందు చేయాలో, ఏది తర్వాతో చెప్పగల అధికారం ఉండి, రోజూ జట్టుకు దొరికే శాఖ మనిషి. ఈ ఒక్క మనిషి సరిగ్గా ఉన్న ప్రాజెక్టు మిగతా లోపాలున్నా ముందుకు పోతుంది. ఆయన నెలకోసారి మీటింగ్‌కొచ్చి తలూపి వెళ్లే రకమైతే ఎన్ని స్ప్రింట్లు తిప్పినా పని జరగదు.

మీ అబ్బాయికి వచ్చిన పనిలో ఇది ఎలా ఉంటుందో ఊహించండి. ఆహార సాయం దరఖాస్తులో 'మీ నెల ఆదాయం ఎంత' అని ఒక గడి ఉందనుకుందాం. విడత చివర కౌంటర్లో కూర్చునే ఉద్యోగినికి ఆ తెర చూపిస్తారు. ఆవిడ చూసి, "మా దగ్గరికొచ్చే సగం మందికి వారం వారం కూలి వస్తుంది, వాళ్లు వారం జీతమే ఇక్కడ రాసేస్తారు, లెక్క తప్పుతుంది" అంటుంది. తర్వాతి రెండు వారాల్లో ఆ గడి మారుతుంది. అదే పాత పద్ధతిలో అయితే ఈ తప్పు రెండేళ్ల తర్వాత, వేలమందికి తప్పుడు లెక్క పడ్డాక బయటపడేది. ఇలాంటి చోట పనిచేసిన డెవలపర్‌కు కోడ్‌తో పాటు, దాని వల్ల ఎదుటి మనిషికి ఏమవుతుందో కూడా తెలుస్తుంది. రేపు ఏ కంపెనీ ఇంటర్వ్యూలో అయినా ఇది చెప్పుకోదగ్గ అనుభవమే.

ప్రభుత్వంలో ఇంకో తేడా ఉంది. గడువు చట్టం పెడుతుంది, దాన్ని జట్టు జరపలేదు. 2025 జూలైలో వచ్చిన చట్టం ప్రకారం మెడికెయిడ్ విస్తరణ (ఆదాయ పరిమితి పెంచి కొత్తగా చేర్చుకోవడం) కింద ఉన్న పెద్దవాళ్లలో చాలామంది నెలకు 80 గంటల పని గానీ చదువు గానీ సేవ గానీ చూపించాలి. రాష్ట్రాలు సాధారణంగా 2027 జనవరి 1 కల్లా దీన్ని అమలు చేయాలి. తేదీ కదలదు కాబట్టి, ఆ తేదీకి తప్పనిసరిగా ఉండాల్సినవేవి, తర్వాత చేర్చగలిగినవేవి అన్నది తేల్చుకోవడమే అక్కడ అజైల్. కష్టమైన పనే, టెన్షన్ ఉంటుంది. కానీ పని కొరత ఉండదు. పైగా మెడికెయిడ్ అర్హత వ్యవస్థలు కట్టడానికి 90 శాతం, నడపడానికి 75 శాతం దాకా ఖర్చు ఫెడరల్ ప్రభుత్వం ఇస్తుంది. అలాగని గ్యారంటీ కూడా అనుకోకండి. ప్రభుత్వ శాఖలకు అజైల్ నేర్పడానికి 2014లో పెట్టిన 18ఎఫ్ అనే మంచి జట్టును 2025 మార్చిలో రాత్రికి రాత్రి రద్దు చేశారు. రాజకీయం మారితే ఇవీ మారతాయి.

ఇప్పుడు స్క్రమ్ మాస్టర్ సంగతి. దీని మీద నాకున్న అనుమానం దాచుకోను. రెండు రోజుల క్లాసు, 50 ప్రశ్నల పరీక్ష, చేతిలో సర్టిఫికెట్. మన వాట్సాప్ గ్రూపుల్లో దీన్ని 'కోడింగ్ లేని ఐటీ ఉద్యోగం' అని తెగ ప్రచారం చేస్తున్నారు. 2023 జనవరిలో అమెరికాలోని క్యాపిటల్ వన్ బ్యాంకు తన అజైల్ ఉద్యోగాలను, దాదాపు 1,100, ఒక్కసారిగా తీసేసింది. అజైల్‌ను మానుకుని కాదు. ఆ పనిని ఇంజినీర్లు, ప్రొడక్ట్ మేనేజర్లే చేసుకుంటారని చెప్పింది. మీ అబ్బాయి ఉన్నది బ్యాంకు రంగంలోనే. కోడ్ రాయగలిగి, జట్టును కూడా నడపగలిగితే అది అదనపు బలం. కోడ్ వదిలేసి మీటింగులు నడిపే పని మాత్రమే పట్టుకుంటే, కంపెనీ ఖర్చు తగ్గించుకునే రోజున మొదటి వరసలో నిలబెట్టేది అలాంటివాళ్లనే.

స్క్రమ్ మాస్టర్ పని చిన్నదని నేననడం లేదు. శాఖకూ జట్టుకూ మధ్య చిక్కుముడులు విప్పే మంచి స్క్రమ్ మాస్టర్ ప్రభుత్వ ప్రాజెక్టులో బంగారం. అయితే ఆ స్థాయికి వచ్చినవాళ్లలో నాకు తెలిసిన వాళ్లంతా ముందు ఏళ్ల తరబడి డెవలపర్‌గానో, టెస్టర్‌గానో, బిజినెస్ అనలిస్టుగానో పనిచేసి, ఆ తర్వాత మారినవాళ్లే. సర్టిఫికెట్ కావాలంటే ప్రాజెక్టులో చేరాక, కంపెనీ ఖర్చుతో చేసుకోవచ్చు. ఇప్పుడు సొంత డబ్బు పెట్టి, ఉన్న నైపుణ్యం పక్కన పెట్టి దాని వెంట పడటం నాకు ససేమిరా నచ్చదు.

ఒక మాట కటువుగా చెబుతాను, ఏమీ అనుకోకండి. ఉత్తరంలో తోడల్లుడి కొడుకు ప్రస్తావన ఎందుకొచ్చింది మాస్టారూ? వాడి జీతం, వాడి కంపెనీ పేరు మీ అబ్బాయికి ఫోన్లో ఎన్నిసార్లు చెప్పారు? బడిలో ఒక పిల్లాడి మార్కులు ఇంకొకడి ముందు చదివి చిన్నబుచ్చకూడదని మీకు తెలుసు. సొంత కొడుకు దగ్గరకొచ్చేసరికి మర్చిపోయారు. పేదవాళ్లకు తిండి, వైద్యం అందేలా చేసే సాఫ్ట్‌వేర్ కట్టడాన్ని మీరు 'ఆగిపోవడం' అన్నారు. ముప్పై ఏళ్లు ప్రభుత్వ బడిలోనో, ఎయిడెడ్ బడిలోనో పాఠం చెప్పిన మనిషి నోటి నుంచి ఆ మాట రాకూడదు. ఆ పని విలువేంటో ముందు మీరు అడగండి, వాడు చెబుతాడు. మీరు అడగరనే వాడు చెప్పలేదేమో కూడా.

పోల్చి చెప్పమన్నారు కాబట్టి నా అభిప్రాయం: కింద అడగమన్న ప్రశ్నలకు సరైన జవాబులొస్తే ప్రభుత్వ ప్రాజెక్టు మంచిది, రాకపోతే ఉన్న బ్యాంకులోనే కొనసాగడం మంచిది. కోడింగ్ వదిలి స్క్రమ్ మాస్టర్ కావడం ఈ రెండిటి తర్వాతే.

ఇంటర్వ్యూలో అవతలివాళ్లు ప్రశ్నలు అడగడం అయ్యాక, మీవాడు అడగాల్సినవి ఉన్నాయి. అమెరికా రక్షణ శాఖ సలహా బోర్డు ఒకటి 2018లో, అజైల్ పేరుతో జరిగే వట్టి హడావుడిని గుర్తుపట్టడానికి ప్రశ్నల జాబితాయే ఇచ్చింది. దాని సారం ఇదే: అసలు వాడేవాళ్లు ఈ సాఫ్ట్‌వేర్‌ను చివరిసారి ఎప్పుడు చూశారు? వాళ్లు చెప్పింది ఎంత త్వరగా మార్పుగా బయటికొచ్చింది? టెస్టులు ఆటోమేటిక్‌గా నడుస్తాయా, మనిషి కూర్చుని చేస్తాడా? వీటికి నేను ఇంకోటి కలుపుతాను: ప్రొడక్ట్ ఓనర్ ప్రభుత్వ ఉద్యోగా, కాంట్రాక్టర్ మనిషా? "రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్ ఎనిమిది వందల పేజీలుంది, దాన్నే స్ప్రింట్లుగా విడగొట్టాం" అని ఎవరైనా గొప్పగా చెబితే, అక్కడ చేరవద్దనండి. దాన్ని అజైల్ అనరు.

ఇవి కాక వీసా సంగతి విడిగా చూసుకోవాలి. కాంట్రాక్టు ఎన్నేళ్లకు ఉంది, పొడిగింపు ఎవరి చేతిలో ఉంది, ప్రాజెక్టు ఆగిపోతే కంపెనీ ఇంకోచోట పెడుతుందా అని రాతపూర్వకంగా అడగాలి. హెచ్-1బీ మీద ఉన్న ఉద్యోగిని ప్రాజెక్టు లేదని ఖాళీగా కూర్చోబెట్టినా జీతం ఇవ్వాల్సిందేనని చట్టంలో ఉంది. అలా బెంచ్ మీద, అంటే ఖాళీగా ఉన్నప్పుడు జీతం ఇవ్వబోమని నోటితో చెప్పే కంపెనీ అయితే ఆఫర్ ఎంత పెద్దదైనా వదిలేయమనండి. పాత ఉద్యోగానికి రాజీనామా ఇవ్వడం కొత్త కంపెనీ పిటిషన్ దాఖలైన రశీదు చేతికొచ్చాకే, వీలైతే ఆమోదం వచ్చాకే.

మీరు చేయాల్సింది ఒక్కటే. ఈ ప్రశ్నలు వాడికి పంపండి, ఇంటర్వ్యూ అయ్యాక జవాబులు తెలుసుకోండి, నిర్ణయం వాడికే వదిలేయండి. జవాబులు చూశాక ఇంకా సందేహం ఉంటే ఈసారి మీరు కాకుండా అబ్బాయినే నాకు రాయమనండి.