సిగ్నల్ నిండుగా ఉన్నా బొమ్మ ఎందుకు చెదురుతుంది?

ప్రశ్న: మా ఇల్లు ప్రసార టవర్‌కు చాలా దూరంలో, ఒక గుట్ట వెనుక ఉంది. ఇంటిమీది యాంటెనాతో అందుకునే డిజిటల్ చానళ్లలో కొన్ని అద్దంలా కనిపిస్తాయి, మరికొన్ని ఉన్నట్టుండి గళ్లు గళ్లుగా విడిపోయి ఆగిపోతాయి. సెట్‌టాప్ బాక్స్ మాత్రం సిగ్నల్ 80 శాతం ఉందని చూపిస్తోంది. అనలాగ్ రోజుల్లో చుక్కలు పడుతున్నా కార్యక్రమం చివరిదాకా చూడగలిగేవాళ్లం. అందరూ బూస్టర్ పెట్టించమంటున్నారు. పెట్టించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. ముందు బాక్స్ మెనూలో రెండో గీతను చూడండి. చాలా బాక్సుల్లో ‘బలం’, ‘నాణ్యత’ అని రెండు గీతలు ఉంటాయి. మీరు రాసిన 80 శాతం బహుశా మొదటిది. తీగ గుండా ఎంత శక్తి వచ్చి చేరుతోందన్నదే అది చెబుతుంది గాని, అందులో మీకు కావలసిన ప్రసారం ఎంత, దానితో కలిసి వచ్చిన రొద ఎంత అన్నది చెప్పదు. గోలగా ఉన్న గదిలో చప్పుడు ఎక్కువే ఉంటుంది, కానీ మాట వినపడదు. మీరు నమ్మవలసింది నాణ్యత గీతను.

అనలాగ్‌లో సిగ్నల్ తగ్గేకొద్దీ చుక్కలు పెరిగేవి, కన్ను వాటికి సర్దుకునేది. డిజిటల్ ప్రసారంలో అసలు సమాచారంతో పాటు దారిలో దొర్లే తప్పులను దిద్దుకోవడానికి అదనపు బిట్లను కూడా పంపుతారు. మొత్తం బిట్లలో అసలు సమాచారం వాటాను కోడ్ రేటు అంటారు. అది 3/4 అంటే, ప్రతి 4 బిట్లలో 1 ఈ రక్షణ కోసమే ఖర్చవుతుందని అర్థం. తప్పులు ఆ రక్షణ తట్టుకోగలిగినంత వరకు తెరమీద చిన్న మచ్చ కూడా కనబడదు, అది దాటిన మరుక్షణం గళ్లు, ఆపైన నల్లని తెర. కొండ అంచునుంచి జారిపడ్డట్టు ఉంటుంది కాబట్టి ఇంజనీర్లు దీన్ని క్లిఫ్ ఎఫెక్ట్ అంటారు. మీ ఇల్లు సరిగ్గా ఆ అంచుమీద ఉన్నట్టుంది. అంచుమీద ఉన్నవారికి దారిలోని చెట్ల ఆకులు తడిసినా చాలు, బొమ్మ పోతుంది.

ఇక కొన్ని చానళ్లు బాగా వచ్చి కొన్ని రాకపోవడం గురించి. ఒకే ఫ్రీక్వెన్సీ మీద అనేక చానళ్లను కట్టగట్టి పంపుతారు, దానికి మల్టీప్లెక్స్ అని పేరు (సినిమాహాలు కాదు లెండి). ఆగిపోతున్న చానళ్ల పేర్లు వారం రోజులు రాసిపెట్టండి. అవన్నీ ఒకే కట్టలోవైతే, ఆ ఫ్రీక్వెన్సీ ఒక్కటే మీదాకా సరిగా రావడం లేదన్నమాట. కొన్ని చోట్ల కట్ట మొత్తమే ఉండదు: బ్రిటన్‌లో పెద్ద టవర్ ప్రసారాన్ని అందుకుని తిరిగి పంపే చిన్న రిలే కేంద్రాలు చాలావరకు ప్రజా ప్రసార సేవల 3 మల్టీప్లెక్స్‌లను మాత్రమే పంపుతాయి, మిగతావి పెద్ద టవర్ల పరిధిలో ఉన్నవారికే దక్కుతాయి. లేని కట్టను ఏ బూస్టరూ తేలేదు.

బూస్టర్ ప్రసారంతో పాటు రొదనూ పెంచుతుంది. దానివల్ల మేలు జరగాలంటే అది టీవీ వెనుక కాక, కర్రమీద యాంటెనాకు దగ్గరగా ఉండాలి, ఎందుకంటే అది పూడ్చగలిగేది ప్రధానంగా కింది తీగలో జరిగే నష్టాన్నే. ముందు యాంటెనా దగ్గర తీగ జాయింటును విప్పి చూడండి. లోపల మెరవవలసిన రాగి పచ్చబడో నల్లబడో ఉంటే, నీరు దిగినట్టే, తీగ మార్చాలి. ఆ తర్వాత యాంటెనా ఎత్తు పెంచండి, నాణ్యత గీతను చూస్తూ అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పండి. వీటన్నిటి తర్వాతే బూస్టర్.

ప్రశ్న: మా బొమ్మ ఎప్పుడూ ఆగదు, నాణ్యత గీత కూడా నిండుగానే ఉంటుంది. అయినా ఫుట్‌బాల్ చూస్తుంటే మైదానం మసకబారుతుంది. నగరంలో అదే చానల్ స్పష్టంగా ఉందంటారు. మా యాంటెనాలోనే లోపమా?

జవాబు: మీ యాంటెనాలో లోపం లేదు. కెమెరా బంతి వెంట పరుగెత్తినప్పుడు గడ్డి పచ్చరంగు అలికినట్టయి, కెమెరా ఆగగానే పోచలు పోచలుగా తేరుకుంటే, అది కుదింపు వల్ల, అంటే తక్కువ బిట్లలో పట్టేలా బొమ్మ వివరాలను తగ్గించి పంపడం వల్ల వచ్చిన మసక. అందుకోవడంలో లోపముంటే బొమ్మ తెగుతుంది; పంపడంలో పిసినారితనముంటే బొమ్మ కరుగుతుంది. ఈ రెంటినీ వేరుచేసి చూడకపోవడం వల్లనే చాలామంది అక్కరలేని సామాను కొంటున్నారు.

ఒక మల్టీప్లెక్స్‌లో పట్టే సమాచారానికి హద్దుంది. టవర్ల నుంచి డిజిటల్ టీవీ పంపే పాత పద్ధతి డీవీబీ-టీలో, 8 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఫ్రీక్వెన్సీ పట్టీ మీద బ్రిటన్ ప్రజా ప్రసార మల్టీప్లెక్స్ సెకనుకు సుమారు 24 మెగాబిట్లు పంపుతుంది, దాని కొత్త రూపమైన డీవీబీ-టీ2లో అది సుమారు 40. ఆ మొత్తాన్ని ఎన్ని చానళ్లు పంచుకుంటే ఒక్కోదాని వాటా అంత తగ్గుతుంది. గడ్డి, నీళ్లు, గాలిలో ఎగిరే కాగితపు ముక్కల వంటివి కదిలినప్పుడే బిట్లు ఎక్కువ కావాలి, కొరత బయటపడేదీ అప్పుడే. పైగా దూరప్రాంత కేంద్రాలు కొన్ని, ఉపగ్రహం నుంచి అప్పటికే కుదించి వచ్చిన బొమ్మను అందుకుని, మళ్లీ కుదించి పంపుతాయి. ఆ రెండో కుదింపులో ఇంకొంత పోతుంది. మీరు చూస్తున్నది హెచ్‌డీ చానలేనా అన్నది కూడా చూసుకోండి. 720×576 చుక్కల (పిక్సెళ్ల) ఎస్‌డీ, అంటే సాధారణ స్పష్టత బొమ్మకు 5 రెట్ల చుక్కలు 1920×1080 హెచ్‌డీలో ఉంటాయి. పెద్ద తెరమీద ఆ తేడా దాగదు. చానళ్ల సంఖ్య పెంచి గొప్పగా చెప్పుకునే ప్రసారకులు ఆ సంఖ్యలో సగంతో సరిపెట్టుకుని బొమ్మను బాగుచేయడమే మేలని నా అభిప్రాయం. వారికి రాసేటప్పుడు ‘బొమ్మ బాగాలేదు’ అని ఊరుకోకుండా చానల్, తేదీ, సమయం, ఆ క్షణంలో తెరమీద ఏం కదులుతోందో రాయండి.

ప్రశ్న: టవర్ అందక డిష్ పెట్టించుకున్నాం. వాన పడితే బొమ్మ పోతుంది. ఇది మామూలేనా?

జవాబు: కుంభవృష్టిలో కొద్ది నిమిషాలు పోతే మామూలే. ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉన్నా, నష్టం జరిగేది చివరి కొద్ది కిలోమీటర్ల వాన పొరలోనే. 12 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 2.5 సెంటీమీటర్లే కాబట్టి చినుకులు దాన్ని సులభంగా పీల్చుకుంటాయి, చెదరగొడతాయి. చిన్న తుంపరకే పోతుంటే మాత్రం డిష్ గురి తప్పి ఉండవచ్చు. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున నాణ్యత అంకె ఎంతుందో చూడండి. అప్పుడే అది అంతంతమాత్రంగా ఉంటే, డిష్‌ను సరిచేయించండి.