పబ్‌కు పిలిస్తే వెళ్లాలా, మానాలా?

తమ్ముడూ, ఇంగ్లండ్‌లో రెడింగ్ ఊళ్లో ఉద్యోగంలో చేరి మూడు నెలలైందని, ప్రతి శుక్రవారం టీమ్‌లో వాళ్లు పబ్‌కు పిలుస్తున్నారని, వెళ్లకపోతే దూరం పెడతారేమోనని భయంగా ఉందని రాశావు. చివర్లో, "వీకెండ్ వస్తే గదిలో పిచ్చెక్కుతోంది అన్నయ్యా" అన్నావు. నన్ను పట్టుకున్నది ఆ ఒక్క ముక్కే. పబ్ సంగతి ఎలాగైనా సర్దుకుంటుంది.

నేను 2006లో వచ్చాను. హైదరాబాద్‌లో నాలుగేళ్లు పనిచేసినా గ్లాసు ముట్టలేదు. ఇక్కడికొచ్చిన మొదటి శుక్రవారం అందరితో పాటు పబ్‌కు వెళ్లి ఆరెంజ్ జ్యూస్ తీసుకున్నాను. ఇక్కడ రౌండ్ల పద్ధతి ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. ఒకడు లేచి అందరికీ తెస్తాడు, అవి అయ్యాక ఇంకొకడు లేస్తాడు. మన దగ్గరలాగా చివర్లో బిల్లు పంచుకోవడం ఉండదు. నేను వాళ్లు తెచ్చిన జ్యూస్ తాగి, నా వంతు రాకముందే బస్సు టైమైందని లేచి వచ్చేసేవాణ్ణి. మూడు శుక్రవారాలు అలాగే చేశాను. నాలుగో వారం పిలవలేదు.

మందు తాగను కాబట్టే పిలవలేదనుకుని ఎంత బాధపడ్డానో! తర్వాతి నెలలో నేనే వెంటపడి వెళ్లి బీరు మొదలుపెట్టాను. ఏడాది తర్వాత ఒక సహోద్యోగి అసలు సంగతి చెప్పాడు. నా గ్లాసులో ఏముందో ఎవరూ పట్టించుకోలేదట. వంతు తప్పించుకునే మనిషి అనుకున్నారట. అప్పటికి అలవాటు అయిపోయింది. పైగా రౌండ్లలో ఒక చిక్కుంది. నలుగురు కూర్చుంటే నీ వంతు కొనకుండా లేవడం మర్యాద కాదు. నీ వంతు చివర్లో వస్తే, నీకు ఒకటి చాలనిపించినా నాలుగు పైంట్లు తాగుతావు. పైంట్ అంటే 568 మిల్లీలీటర్లు. తాగాలన్న కోరిక నీది కాకపోయినా లెక్క పెరిగిపోతుంది.

అయినా నన్ను నిజంగా దెబ్బతీసింది పబ్ కాదు, ఇల్లు. రెండో ఏడు నలుగురు తెలుగు కుర్రాళ్లం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. శనివారం వస్తే సిట్టింగ్, చికెన్ పకోడీ, పాత సినిమా పాటలు. అది తాగుడులా అనిపించేది కాదు, ఊరు గుర్తొచ్చేది. తర్వాత ఒకడికి పెళ్లయింది, ఒకడు అమెరికా వెళ్లాడు, ఇంకొకడికి లీడ్స్‌లో ఉద్యోగం వచ్చింది. మనుషులు వెళ్లిపోయారు, శనివారం గ్లాసు మాత్రం మిగిలింది. 2008 చలికాలంలో ఒక్కణ్ణే కూర్చుని తాగేవాణ్ణి. శనివారం కాస్తా శుక్ర, శని, ఆదివారాలైంది. మొదటిసారి ఒంటరిగా సీసా మూత తీసిన రోజు నాకింకా గుర్తుంది. ఆ మధ్యాహ్నం నుంచి నేను ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు.

మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడినప్పుడు నాకు పన్నెండేళ్లు. మరుసటి ఏడాదికి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995లో మొత్తం మద్యమే ఆపారు. 1997లో మద్య నిషేధం ఎత్తేశారనుకో. మా అమ్మ ఆ రోజుల గురించి చెబుతూ, అడిగే మనిషి ఉంటే మగవాడు సగం తాగుడు మానేస్తాడనేది. ఆ మాట విలువ నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది. ఊళ్లో "ఎక్కడికెళ్లావురా ఇంతసేపు" అని అడగడానికి పదిమంది ఉంటారు. ఇక్కడ అడిగేవాళ్లు లేరు. ఫోన్‌లో అమ్మ "గొంతేంట్రా అలా ఉంది" అంటే "జలుబమ్మా" అన్నాను. ఐదువేల మైళ్ల అవతల నుంచి వాసన తెలియదు కదా.

నన్ను ఆ తాగుడులోంచి బయట పడేసింది మనుషులే. పక్క వీధిలో మన గుంటూరు వాళ్లు ఉండేవారు. ఆ వదిన ఒక ఆదివారం భోజనానికి పిలిచి, తర్వాత ప్రతి ఆదివారం "పప్పు పెట్టాను, ఇంకా రాలేదేం" అని ఫోన్ చేసేది. శనివారం పొద్దున ఏడింటికి బ్యాడ్మింటన్‌లో చేరాను. ఏడింటికి కోర్టులో ఉండాలంటే ముందు రాత్రి తాగలేం. ఇవాళ నాకు సొంత ఇల్లుంది, ఇద్దరు పిల్లలున్నారు, టీమ్‌లో పదిమందికి మేనేజర్‌ని. మీ తరం కుర్రాళ్లు యాప్‌లో స్నేహితులను వెతుక్కుంటారేమో కానీ, గడప దాటి రమ్మని పిలిచే ఒక్క ఇల్లు ఉండటం వేరు. నా మాట నమ్ము.

కాబట్టి ఈ శుక్రవారం వెళ్లు. లోపలికి అడుగు పెట్టగానే మొదటి రౌండ్ నువ్వే కొను. నీకు లైమ్ అండ్ సోడా చెప్పుకో, చాలా తక్కువ పడుతుంది. గంట కూర్చుని, నవ్వుతూ చెప్పి వచ్చేయి. నీ వంతు అయిపోయింది కాబట్టి ఎవరూ ఏమీ అనుకోరు.

రూల్స్ విషయానికొస్తే, వారానికి 14 యూనిట్లు దాటొద్దని ఇక్కడి డాక్టర్ల సలహా. యూనిట్ అంటే పది మిల్లీలీటర్ల అచ్చమైన ఆల్కహాల్. మన క్వార్టర్ సీసా, అంటే 180 మిల్లీలీటర్ల విస్కీ, దాదాపు ఏడున్నర యూనిట్లు. రెండు క్వార్టర్లతోనే వారం కోటా దాటిపోతుంది. తాగి బండి నడపడం గురించి, మిగతావాటి గురించి ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ), ప్రభుత్వ వెబ్‌సైట్లలో చూసుకో. మీ గదిలో ఎవరైనా రోజూ బాగా తాగుతుంటే మాత్రం ఒక్కసారిగా మానమని చెప్పకు, ప్రమాదం. ముందు జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు.

డిసెంబరులో నాలుగింటికే పొద్దు గుంకుతుంది. ఆ లోపు ఆదివారం భోజనానికి ఒక ఇల్లు వెతుక్కో. ఎవరూ దొరక్కపోతే నువ్వే అన్నం వండి, ఆఫీసులో మొన్న కొత్తగా చేరిన ఇంకో కుర్రాణ్ణి పిలువు.