కొబ్బరి నీడలో ఏం వేయాలి?

ప్రశ్న: పి.గన్నవరం దగ్గర నాకు ఎకరం కొబ్బరితోట ఉంది. చెట్లకు 18 ఏళ్లు, ఎడం 8 మీటర్లు. నిరుడు మధ్యలో బెండ, బంతి వేస్తే సన్నగా సాగాయి తప్ప కాపు లేదు. వర్షాకాలంలో రెండు మూడు రోజులు నీరు నిలుస్తుంది. ఈ నీడకు ఏ మొక్కలు పనికొస్తాయి? ఇంటి వెనుక పెరట్లోకి కూడా చెప్పండి.
– ఓ రైతు, కోనసీమ

జవాబు: బెండ, బంతి ఎండ పంటలు. 8 నుంచి 25 ఏళ్ల మధ్య కొబ్బరితోటలో మట్టలు కమ్ముకుని నీడ చిక్కగా ఉంటుంది. మీ తోట సరిగ్గా ఆ వయసులో ఉంది కాబట్టి విత్తనాన్ని గానీ మీ సేద్యాన్ని గానీ తప్పుపట్టనక్కర్లేదు. నన్ను కలవరపెడుతున్నది నీడ కాదు, ఆ నిలవ నీరు. నీడను ఓర్చుకునే మొక్కల్లో చాలావాటికి వేరు దగ్గర నీరు నిలిస్తే కుళ్లు తెగులు వస్తుంది. అందుకే తొలకరికి ముందే కొబ్బరి మొదళ్లకు ఏడెనిమిది అడుగుల ఎడంగా బోదెలు తీసి మురుగు కాలువలో కలపండి. కొబ్బరికి పనిచేసే వేళ్లు ఎక్కువగా ఆరడుగుల లోపే ఉంటాయి, అవి తెగకూడదు. తీసిన మట్టిని వరుసల నడుమ మెట్టగా పోయండి.

ఆ మెట్ట మీద కోకో వేయండి. మీ తోటకు నా మొదటి సలహా ఇదే. రెండు కొబ్బరి వరుసల మధ్య ఒక వరుసగా, 9 అడుగులకో మొక్క. ఎకరాకు 180 దాకా పడతాయి. మొక్కలన్నీ ఒకే రకం తేవద్దు. కోకోలో చాలా రకాలకు తమ పుప్పొడితో తమకే కాయ కట్టదు, రకాలు కలిసి ఉంటేనే కాపు నిలుస్తుంది. నాలుగైదు అడుగుల ఎత్తులో కొమ్మలు విడిపోయాక పైకి లేచే నీటి కొమ్మలను ఎప్పటికప్పుడు తీసేయండి, గాలి ఆడాలి. వానల్లో వచ్చే కాయకుళ్లుకు 1 శాతం బోర్డో మిశ్రమం (100 లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం) వానలకు ముందే పిచికారీ చేయండి. కుళ్లిన కాయలు చెట్టు మీద ఉంచొద్దు. కోకోకు ఎరువు, నీరు విడిగా ఇవ్వాలి. కొబ్బరికి వేసినదాంట్లోనే సరిపెట్టుకుంటే రెండూ నీరసిస్తాయి.

మిరియం కొబ్బరి మొద్దు మీదికి బాగా పాకుతుంది. పన్నియూర్-5 రకం నీడను తట్టుకుంటుంది. కానీ తీగ అల్లుకున్న చెట్టు ఎక్కడం దింపు వాళ్లకు కష్టం. ముందు వాళ్లతో మాట్లాడి, నాలుగైదు చెట్లకే పెట్టి చూడండి.

అరటి వద్దంటాను. కొబ్బరిని పీడించే సర్పిలాకార తెల్లదోమ అరటినీ ఆశిస్తుంది. కాస్త వెలుతురు పడే గట్ల వెంబడి కంద వేసుకోండి. కొవ్వూరు పరిశోధన స్థానం ఇచ్చిన గజేంద్ర రకానికి దురద తక్కువ.

పెరట్లో చేమ, బచ్చలి, పసుపు, అల్లం, తమలపాకు, కనకాంబరం వస్తాయి. వంగ, మిరప, మల్లెకు ఆ నీడలో ఎండ చాలదు. కరివేపాకును పూటైనా ఎండ తగిలే మూల పెట్టండి.

బోదెలు తీశాక అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానానికి ఓసారి వెళ్లి, మీ నేలకు తగిన కోకో రకాలేవో అడిగి తెలుసుకుని మొక్కలు తెచ్చుకోండి.