ఎమర్జెన్సీ ఫండ్‌ను డౌన్ పేమెంట్‌గా కడతారా?

ప్రశ్న: నా వయసు 36. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజర్‌ని. చేతికి నెలకు 2.6 లక్షలు వస్తుంది. పాప పుట్టాక నా భార్య ఉద్యోగం మానేసింది. మియాపూర్ ఫ్లాట్ మీద హోమ్ లోన్ ఇంకా 58 లక్షలుంది, ఈఎంఐ 71 వేలు. ఖమ్మంలో అమ్మానాన్నలకు పంపేదాంతో కలిపి ఇంటి ఖర్చు 65 వేలు. మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టే సిప్ 40 వేలు. బ్యాంకులో 12 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, మ్యూచువల్ ఫండ్లలో 10 లక్షలు ఉన్నాయి. కాలేజీ రోజుల నుంచీ వేగంగా వెళ్లే సెడాన్ కొనాలని కోరిక. స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ తీసుకుందామనుకునేలోపే ఇండియాకు కేటాయించిన వంద కార్లూ అయిపోయాయి. ఇప్పుడు బీఎండబ్ల్యూ ఎం340ఐ చూశాను. రోజూ ఆఫీసుకు అదే వాడతాను. ఆన్‌రోడ్ కొటేషన్ 92 లక్షలు ఇచ్చారు. డిపాజిట్, ఫండ్లు తీసేసి, 8 లక్షలు పర్సనల్ లోన్ పెట్టి మొత్తం 30 లక్షలు డౌన్ పేమెంట్ కడతాను. మిగతా 62 లక్షలకు ఏడేళ్ల కార్ లోన్. సిప్ ఆపేస్తే సరిపోతుందని లెక్క వేశాను. శనివారంలోపు చెబితే డిస్కౌంట్ ఉందంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు.

కారు బాగోలేదని కాదు. 3 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, 374 హార్స్‌పవర్, సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగానికి 4.4 సెకన్లు. అంత శక్తి ఉన్నా రోజువారీ వాడకానికి ఇబ్బంది పెట్టని కారని నడిపినవాళ్లు చెబుతారు. 2023లో అవుటర్ రింగ్ రోడ్డు మీద మొదటి రెండు లేన్లలో గరిష్ఠ వేగాన్ని 120కి పెంచారు కాబట్టి ఆదివారం పొద్దున్నే కాస్త సరదా కూడా తీరుతుంది. మిగతా ఆరు రోజులూ గచ్చిబౌలి ట్రాఫిక్‌లో ఆ 374 గుర్రాలూ పక్కనున్న ఆటోతో సమానంగానే కదులుతాయి. అయినా కోరిక కోరికే. దాన్ని నేను తప్పు పట్టను.

నేను తప్పు పట్టేది ఆ 12 లక్షల డిపాజిట్‌ను. ఉత్తరంలో దాన్ని ఫండ్ల పక్కన పెట్టి, రెండూ ఒకటే అన్నట్టు రాశారు. మీ ఇంట్లో సంపాదించేది మీరొక్కరే. కాబట్టి అది పొదుపు కాదు, మీ ఇంటి ఎమర్జెన్సీ ఫండ్. కారు కొనేవాళ్లలో చాలామంది చేసే తప్పు ఇదే కాబట్టే మీ ఉత్తరాన్ని ఎంచుకున్నాను. అంతా తీసేసి కడతారు, ‘తర్వాత నెమ్మదిగా పోగేసుకుంటాం’ అంటారు. వాళ్లు చూడని సంగతి ఒకటుంది. పెద్ద అప్పుతో కారు కొన్న రోజే మీకు అవసరమయ్యే ఎమర్జెన్సీ ఫండ్ పెరిగిపోతుంది. సరిగ్గా అదే రోజు మీ దగ్గరున్న ఫండ్ సున్నా అవుతుంది.

మీ అంకెలతోనే చూద్దాం. ఇవాళ ఉద్యోగం పోతే ఈఎంఐ, ఇంటి ఖర్చు కలిపి నెలకు 1.36 లక్షలు కావాలి. ఆరు నెలలకు 8 లక్షల పైచిలుకు. మీ దగ్గర 12 లక్షలుంది. అంటే ఎనిమిది తొమ్మిది నెలలు ఎవరి దగ్గరా చేయి చాచకుండా ఇల్లు నడుస్తుంది. మీరిప్పుడు సుఖంగానే ఉన్నారు, ఆ సంగతి మీకు తెలియడం లేదంతే.

కారు కొన్నాక సంగతి చూడండి. 62 లక్షలకు 9 శాతం వడ్డీతో ఏడేళ్లకు ఈఎంఐ దాదాపు 99,750 రూపాయలు. పర్సనల్ లోన్ 8 లక్షలకు 12 శాతంతో ఐదేళ్లకు దాదాపు 17,800. హోమ్ లోన్ కలుపుకుంటే ఈఎంఐలే 1.88 లక్షలు దాటుతాయి. జీతంలో 72 శాతం! ఇంటి ఖర్చు 65 వేలు తీసేస్తే మిగిలేది ఆరు వేల చిల్లర. ఈ చిల్లర చూసే మీరు ‘సరిపోతుంది’ అన్నారు.

మరి పెట్రోలు? నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరుగుతారనుకుందాం. ఇలాంటి కారు సిటీలో లీటరుకు ఏడెనిమిది ఇస్తే గొప్ప. ఇప్పుడు పెట్టే దానికంటే ఆరు వేలైనా అదనంగా అవుతుంది. ఏటా ఇన్సూరెన్స్ రెన్యువల్, టైర్లు, సర్వీసు అన్నీ కలిపి నెలకు 20 వేలు పక్కన పెట్టాలి. మిగిలిన ఆరు వేలూ పెట్రోలుకే పోతాయి కాబట్టి, ఉద్యోగం ఉండగానే నెలకు 20 వేలు తక్కువ పడుతుందన్నమాట. ఉద్యోగం పోతే నెలకు కావాల్సింది దాదాపు 2.8 లక్షలు, ఆరు నెలలకు 17 లక్షలు. చేతిలో ఉండేది ఒక కారు.

‘అప్పుడు కారు అమ్మేస్తాను’ అంటారని తెలుసు. ఏడాది ఈఎంఐలు సక్రమంగా కట్టాక కూడా కార్ లోన్ 55 లక్షలు ఉంటుంది. మీరు కట్టే 92 లక్షల్లో కారు ధర 75 లక్షల చుట్టుపక్కలే. మిగతా 17 లక్షల్లో ఎక్కువ భాగం లైఫ్ టాక్సే. తెలంగాణలో 20 లక్షలు దాటిన కారుకు అది 18 శాతానికి తక్కువ లేదు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాడు ఆ లైఫ్ టాక్స్‌ను మీ చేతికి తిరిగి ఇవ్వడు. పైగా ఉద్యోగం పోయి తొందరలో అమ్మేవాడి ముఖం చూసి రేటు ఇంకాస్త తగ్గిస్తాడు. లోన్ తీర్చాక మీకు నాలుగైదు లక్షలు మిగిలితే అదృష్టమే. పర్సనల్ లోన్ మాత్రం అలాగే ఉంటుంది. ఇంతా చేసి మీరు పెట్టిన 30 లక్షలు ఎటు పోయాయో మీ ఆవిడకు చెప్పుకోవాలి.

ఉద్యోగం పోతుందని శాపం పెట్టడం లేదు. 2025 జూలైలో టాటా కన్సల్టెన్సీ 12 వేల మందికి పైగా తగ్గించుకుంటానని ప్రకటించినప్పుడు, ప్రభావం ఎక్కువగా మధ్య, పై స్థాయి ఉద్యోగుల మీదే అని కూడా చెప్పింది. అంటే మీ వయసు, మీ హోదా వాళ్లు. మేనేజర్ స్థాయిలో ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి ఫ్రెషర్ కంటే ఎక్కువ కాలం పడుతుంది. అందుకే ఆరు నెలలు అన్నది నా దృష్టిలో కనీసం. ఒక్క జీతం మీద బతికే ఇంటికి తొమ్మిది నెలలు ఉండాలంటాను. ఈ మాట నా దగ్గరికి వచ్చే వాళ్లందరికీ చెబుతాను, విసుక్కుంటారు, అయినా చెబుతాను.

ఇక ఆ పర్సనల్ లోన్. డౌన్ పేమెంట్ ఎందుకు పెట్టారో ఆలోచించారా? కొనేవాడి దగ్గర సొంత డబ్బు కొంతైనా ఉందో లేదో బ్యాంకు చూసుకోవడానికి. ఆ సొంత డబ్బును ఇంకో బ్యాంకులో అప్పు తెచ్చి చూపించడమంటే బ్యాంకును కాదు, మిమ్మల్ని మీరే మోసం చేసుకోవడం. ‘హోమ్ లోన్ మీద టాప్ అప్, అంటే ఇంకొంత అప్పు తీసుకోండి, వడ్డీ తక్కువ’ అని ఎవరో ఒకరు ఈపాటికే చెప్పి ఉంటారు. ఏడెనిమిదేళ్లకు మోజు తీరిపోయే కారుకు పదిహేనేళ్లు కడతారా? ఇంట్లో బంగారం పెట్టడం, క్రెడిట్ కార్డుతో బుకింగ్ చేసి ఈఎంఐలుగా మార్చుకోవడం, ఇవీ వద్దు. నెలసరి కిస్తీ తగ్గించి చివర్లో ఒకేసారి పెద్ద మొత్తం కట్టమనే బెలూన్ స్కీము గురించి షోరూంలో చెబితే, ఆ చివరి మొత్తం ఎక్కణ్నుంచి తెస్తారని మిమ్మల్ని మీరు అడగండి. పుదుచ్చేరి అడ్రసుతో రిజిస్ట్రేషన్ చేయించి టాక్స్ మిగిల్చుకునే తెలివితేటల గురించి నేను మాట్లాడను.

మీ ఉత్తరంలో నన్ను ఇంకొకటి ఆపింది. 2.6 లక్షల్లో ఈఎంఐ 71 వేలు, ఖర్చు 65 వేలు, సిప్ 40 వేలు పోతే నెలకు 84 వేలు మిగలాలి. ఏడాదికి 10 లక్షలు. మీరు చూపించిన మొత్తం ఆస్తి 22 లక్షలు. ఆ 84 వేలు ఎక్కడికి వెళ్తోంది? బహుశా మీ ఇంటి ఖర్చు 65 వేలు కాదు. అదే నిజమైతే నేను పైన వేసిన లెక్క మీకు అనుకూలంగా వేసినదే, అసలు లోటు ఇంకా పెద్దది. ముందు మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు తీసి ఇద్దరూ కలిసి కూర్చుని చూడండి.

ఇన్సూరెన్స్ గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. కంపెనీ ఇచ్చేదే నమ్ముకున్నారనిపిస్తోంది. అది ఉద్యోగంతో పాటే పోతుంది. అనుకున్నట్టు కొంటే మీ మీద 128 లక్షల అప్పు ఉంటుంది. మీకేదైనా అయితే ఉద్యోగం లేని మీ భార్య దాన్ని ఎలా తీరుస్తారు? కారు కొన్నా కొనకపోయినా ఈ నెలలోనే 2 కోట్లకు తగ్గకుండా టర్మ్ పాలసీ (మీరు లేకపోతే ఇంటికి డబ్బిచ్చే జీవిత బీమా), ముగ్గురికీ సొంత హెల్త్ పాలసీ, అమ్మానాన్నలకు విడిగా ఒకటి తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత టర్మ్, హెల్త్ ప్రీమియంల మీద జీఎస్టీ లేదు, ఇన్నాళ్లూ వాయిదా వేసినందుకు ఆ సాకు కూడా పోయింది.

మరి వేగంగా వెళ్లే సెడాన్ సంగతి? ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ, స్కోడా స్లావియా రెండిట్లోనూ అదే 1.5 లీటర్ల టర్బో, 150 హార్స్‌పవర్. హ్యుందాయ్ వెర్నా టర్బో 160. 374 కాదు, నిజమే. కానీ మియాపూర్ నుంచి ఆఫీసుకు వెళ్లే దారిలో వీటి పూర్తి సత్తా వాడే చోటు కూడా దొరకదు. ఆన్‌రోడ్ 20 లక్షల పైన అవుతుంది. ఫండ్ల నుంచి 8 లక్షలు తీయండి, పాత కారు ఉంటే అమ్మండి, 12 లక్షలు మించకుండా ఐదేళ్ల లోన్ పెట్టండి. ఈఎంఐ 25 వేలు. అప్పుడు కారు ఖర్చులతో కలిపి నెలకు కావాల్సింది 1.7 లక్షలు, ఆరు నెలలకు 10 లక్షలు. డిపాజిట్‌ను ముట్టుకోలేదు కాబట్టి 12 లక్షలు అలాగే ఉంది. సిప్ కూడా నడుస్తుంది.

మనసు ఎం340ఐ మీదే ఉంటే, ఆ మిగలాల్సిన 84 వేలను నిజంగా మిగిల్చి మూడేళ్లు విడిగా దాచండి. 30 లక్షలు వడ్డీ లేకుండా మీ చేతిలో ఉంటాయి. అప్పటికి వారంటీ మిగిలి ఉన్న రెండేళ్ల కారు దొరుకుతుందేమో చూడొచ్చు. మీ కంపెనీలో కార్ లీజ్ ఉంటే హెచ్‌ఆర్‌ను అడగండి, కానీ ఉద్యోగం మానేస్తే మిగిలిన లీజు భారం ఎవరిదో కాగితం మీద చదివాకే సంతకం పెట్టండి.

ఏ కారు కొన్నా పాలసీలో రెండు యాడ్ ఆన్లు వదలొద్దు. కారు దొంగతనానికి గురైనా, బాగుచేయలేనంతగా పాడైనా మామూలు పాలసీ ఇచ్చేది ఐడీవీ, అంటే తరుగు తీసేశాక కారుకు కట్టే విలువ మాత్రమే. రెండేళ్లు దాటిన కారుకు అది ధరలో 30 శాతం కోసి లెక్కేస్తారు, లైఫ్ టాక్స్ అందులో ఉండదు. ఆ తేడాను పూడ్చేది రిటర్న్ టు ఇన్‌వాయిస్. రెండోది ఇంజిన్ ప్రొటెక్ట్. వానకు రోడ్డు మీద నీళ్లు నిలిచి కారు ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకండి. అలా చేసి ఇంజిన్ పాడైతే ఆ కవర్ లేనివాళ్ల క్లెయిమ్ తిరస్కరిస్తారు. కొనేటప్పుడు షోరూం మీ పేరున ముందే వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే 1 శాతం ఆదాయపు పన్ను, అంటే టీసీఎస్‌ను మీ ఐటీ రిటర్న్‌లో చూపిస్తే సర్దుబాటవుతుంది. దాన్ని ఖర్చుగా రాసుకోకండి.

శనివారం డిస్కౌంట్ గురించి టెన్షన్ పడకండి, నెలాఖరుకు మళ్లీ వస్తుంది. ఇవాళే పర్సనల్ లోన్ దరఖాస్తు వెనక్కి తీసుకోండి. షోరూంలో అడ్వాన్స్ కట్టి ఉంటే బుకింగ్ రద్దు చేస్తున్నానని ఫోన్‌లో కాకుండా మెయిల్‌లో రాయండి, ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో వాళ్ల చేత కూడా మెయిల్‌లోనే రాయించుకోండి.