ఆన్‌డిస్ట్రాయ్‌లో టైమర్ ఆపినా మెమరీ ఎందుకు తగ్గదు?

స్క్రీన్ తెరిచి వెనక్కి వచ్చిన ప్రతిసారీ మెమరీ పెరుగుతోంది, ఆన్‌డిస్ట్రాయ్‌లో (స్క్రీన్ పూర్తిగా మూతపడేటప్పుడు ఆండ్రాయిడ్ నడిపే మెథడ్) టైమర్‌ని క్యాన్సిల్ చేస్తున్నా తగ్గట్లేదు అన్నారు కదా, ఇదే సమస్యతో నేను రెండు రోజులు నిద్ర లేకుండా కూర్చున్నాను. మా ఆండ్రాయిడ్ యాప్‌లో బస్సు ఎక్కడుందో మ్యాప్ మీద చూపించే స్క్రీన్ ఒకటి ఉండేది, 5 సెకన్లకోసారి జావా టైమర్‌తో రిఫ్రెష్ అయ్యేది. నేను ముందు బొమ్మల క్యాష్‌ని (మళ్లీ వాడటానికి బొమ్మలు దాచిపెట్టే చోటు) అనుమానించి దాన్నంతా తిరగరాశాను, ఏమీ మారలేదు. చివరికి డీబగ్గర్‌లో పాజ్ చేసి థ్రెడ్ల (యాప్‌లో పక్కపక్కనే విడిగా నడిచే పనుల) జాబితా చూస్తే టైమర్-0, టైమర్-1, టైమర్-2... అలా టైమర్-11 దాకా ఉన్నాయి! ఒక్కటి ఉండాల్సిన చోట పన్నెండు.

సంగతేమిటంటే, టైమర్ మొదలుపెట్టేది ఆన్‌రెస్యూమ్‌లో (స్క్రీన్ ముందుకు వచ్చిన ప్రతిసారీ నడిచే మెథడ్), ఆపేది ఆన్‌డిస్ట్రాయ్‌లో. హోమ్ నొక్కి మళ్లీ యాప్‌లోకి వస్తే ఆన్‌రెస్యూమ్ మళ్లీ నడుస్తుంది, అదే వేరియబుల్‌లో కొత్త టైమర్ పడుతుంది, పాతదాన్ని ఆపడానికి ఇక మన చేతిలో ఏమీ ఉండదు. ఆన్‌డిస్ట్రాయ్ ఆపేది ఆఖరిదాన్ని మాత్రమే. నడుస్తున్న థ్రెడ్ పట్టుకున్న దేన్నీ గార్బేజ్ కలెక్టర్ (వాడకంలో లేని మెమరీని ఖాళీ చేసేది) ముట్టుకోదు, పైగా యాక్టివిటీ (స్క్రీన్ కోడ్ ఉండే క్లాస్) లోపల రాసిన టైమర్‌టాస్క్, అంటే టైమర్ చేసే పని, మొత్తం ఆ యాక్టివిటీనే పట్టుకుని ఉంటుంది, దాంతోపాటు వ్యూలు, బొమ్మలు అన్నీ.

అందుకని ఆన్‌రెస్యూమ్‌లో మొదలుపెడితే ఆన్‌పాజ్‌లోనే (స్క్రీన్ వెనక్కి వెళ్లేటప్పుడు నడిచే మెథడ్) క్యాన్సిల్ చేయండి. వేరియబుల్‌ని నల్ చేస్తే సరిపోదు, రిపీట్ అయ్యే టాస్క్ ఉంటే థ్రెడ్ నడుస్తూనే ఉంటుంది. టైమర్ బదులు హ్యాండ్లర్ (పనిని కాసేపాగి నడిపే ఆండ్రాయిడ్ క్లాస్) వాడుతుంటే, ఆపే రిమూవ్‌కాల్‌బ్యాక్స్‌కి మీరు పోస్ట్ చేసిన అదే రన్నబుల్ (నడపాల్సిన పని) ఇవ్వాలి, కొత్తది ఇస్తే ఏమీ తీసేయదు. నన్నడిగితే కొత్త కోడ్‌లో టైమర్ వద్దే వద్దు, స్క్రీన్‌తో పాటే తనంతట తానే ఆగేలా కోట్లిన్ లైఫ్‌సైకిల్‌స్కోప్‌లో రిపీట్‌ఆన్‌లైఫ్‌సైకిల్ పెట్టి లోపల డిలే లూప్ రాసుకోండి.

ఐఫోన్ వెర్షన్ కూడా మీరే చూస్తుంటే అక్కడ ఇంకో చిక్కుంది: రిపీట్ అయ్యే టైమర్ తన టార్గెట్‌ని గట్టిగా పట్టుకుంటుంది, కాబట్టి టైమర్‌ని ఆపే ఇన్‌వాలిడేట్‌ని డీఇనిట్‌లో (ఆబ్జెక్ట్ మెమరీ నుంచి పోయేటప్పుడు నడిచేది) పెడితే ఆ డీఇనిట్ ఎప్పటికీ రాదు. స్క్రీన్ కనుమరుగయ్యే చోటే ఆపాలి.

సరిచేశాక స్క్రీన్‌ని పదిసార్లు తెరిచి మూసి, ఆండ్రాయిడ్ స్టూడియో ప్రొఫైలర్‌లో చెత్తబుట్ట బొమ్మ నొక్కి (గార్బేజ్ కలెక్టర్‌ని అప్పుడే నడిపించేది), ఆ తర్వాత మెమరీ లెక్క చూపే డంప్‌సిస్ మెమ్‌ఇన్ఫో కమాండ్‌లో యాక్టివిటీస్ అంకె చూడండి. చెత్తబుట్ట నొక్కకుండా చూస్తే లీక్ లేకపోయినా అంకె ఎక్కువగా కనిపించి ఊరికే టెన్షన్ పెడుతుంది. అప్పటికీ తగ్గకపోతే టైమర్ స్టార్ట్ చేసే లైను ఏ మెథడ్‌లో ఉందో ఇక్కడ పెట్టండి, చూస్తాను.