ఈసీజీ నార్మల్ అయితే గుండెకు భయం లేనట్టేనా?

మీ నాన్నగారికి 54 ఏళ్లు, షుగర్ ఉంది, సిగరెట్ అలవాటు ఉంది, ఈసీజీ మాత్రం నార్మల్‌గా వచ్చింది, ఇక నిశ్చింతగా ఉండవచ్చా అని అడిగారు. ఉండకూడదండీ. పడుకోబెట్టి తీసే ఈసీజీ దాదాపు 10 సెకన్ల విద్యుత్ సంకేతాలనే నమోదు చేస్తుంది. రక్తనాళాల గోడల్లో పేరుకుంటున్న కొవ్వు ఆ గీతల్లో కనిపించకపోవచ్చు. పాత గుండెపోటు ఆనవాళ్లు, లయ తప్పడం, బీపీ వల్ల ఎడమ జఠరిక (గుండెలోని కింది ఎడమ గది) మందమవడం వంటివి కనిపిస్తే విలువైన సమాచారమే. కనిపించనంత మాత్రాన అది భరోసా కాదు.

రాబోయే 10 ఏళ్లలో గుండెజబ్బు ముప్పును వయసు, బీపీ, కొలెస్ట్రాల్, పొగతాగడం, షుగర్ అన్నీ కలిపి లెక్కగడతారు. 1948లో అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్‌లో మొదలైన అధ్యయనం ఈ పద్ధతికి దారి వేసింది. అయితే అలాంటి లెక్కలు మన దక్షిణాసియా వాళ్ల ముప్పును తక్కువగా చూపవచ్చు. అందుకే లైపోప్రోటీన్ (ఎ), అంటే రక్తంలో ఉండి గుండె ముప్పును పెంచే ఒక రకం కొలెస్ట్రాల్ కణం, దాని పరీక్ష ఒకసారి చేయించండి. అది చాలావరకు వంశపారంపర్యం, వయసుతో పెద్దగా మారదు. గుండె రక్తనాళాల్లో పేరుకున్న కాల్షియాన్ని స్కాన్‌తో కొలిచే సీటీ కాల్షియం స్కోరు అవసరమా అని డాక్టరును అడగండి.

సిగరెట్ మాన్పించడానికి మాత్రం ఏ రిపోర్టు కోసమూ ఆగవద్దు. ఛాతీలో బరువుగా అనిపించినా, నడిస్తే కొత్తగా ఆయాసం వస్తున్నా పాత ఈసీజీని పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.